షెడ్డులో నిలిచిపోయిన పద్మిని: ముందు రంగా, ముందు రేడియేటరా?

నకిరేకల్ పద్మిని:

సభ్యులందరికీ నమస్కారం. మా నాయిన 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని మా వడ్ల షెడ్డులో చాలా ఏళ్లుగా కదలకుండా ఉంది. ఆయన కాలం చేసిన తరువాత దాని జోలికి ఎవరూ పోలేదు. మొన్న టార్పాలిన్ తొలగించి చూస్తే బాడీ అనుకున్నంత పాడవలేదు. తలుపుల అంచులు గట్టిగానే ఉన్నాయి కాని, డ్రైవరు కాళ్ల కింది రబ్బరు మ్యాటు ఎత్తగానే రేకు అప్పడంలా విరిగి చేతికి వచ్చింది. ఎయిర్ క్లీనరులో ఎలుకలు ఊకతో గూడు కట్టుకున్నాయి, వైర్ల తొడుగులు కొరికివేశాయి. సైలెన్సరు గొట్టం చివర కందిరీగలు మట్టి పెట్టాయి. ఇంజిన్ తిరుగుతుందో లేదో ఇంకా పరీక్షించలేదు.

ఇక్కడి టింకరింగ్ షాపు వారు బాడీ మొత్తం గీకి, రేకు కొట్టి, పుట్టీ పెట్టి, రంగు వేసి ఇస్తామని, ఇంజిన్ సంగతి తరువాత చూసుకోవచ్చని అంటున్నారు. నా దగ్గర ఉన్న డబ్బు రెండింటికీ ఒకేసారి సరిపోదు. బండిని ప్రదర్శనకు పెట్టాలన్న ఉద్దేశం నాకు లేదు. ఆదివారం పూట సూర్యాపేట దాకానో, నల్లగొండ దాకానో, ఎండాకాలంలో కూడా నిలవకుండా నడుపుకోగలిగితే చాలు. ఏ పని ముందు, ఏ పని తరువాత అన్నది అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాలమూరు గ్యారేజీ:

రంగు చివరి పని. ఈ ఒక్క విషయంలో షాపు వారు ఎంత తక్కువ ధర చెప్పినా మీరు లొంగకండి. రంగు వేసిన తరువాత ఇంజిన్ దించితే ఫెండర్లకు గీతలు పడక మానవు. అడుగు రేకు వెల్డింగు చేస్తే ఆ వేడికి పక్కన ఉన్న రంగు పొంగుతుంది. బ్రేకు పనిలో ఒక్క చుక్క బ్రేకు ఆయిలు బయటి రేకు మీద పడి, వెంటనే కడగకపోతే, అక్కడ రంగు ఊడి వస్తుంది. పైగా రంగు పూర్తయి మెరుస్తున్న బండిని చూసిన తరువాత మిగిలిన పనికి డబ్బు పెట్టాలన్న ఆత్రం తగ్గిపోతుంది. అలా మెరుస్తూ నిలిచిపోయిన బండ్లను మా పాలమూరులో చాలానే చూశాను.

ఇంకొక ముఖ్యమైన మాట. ఎవరో ఒకరు కొత్త బ్యాటరీ తెచ్చి, ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దామని అంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజిన్‌లో పిస్టన్ రింగులు బోరుకు, అంటే సిలిండరు లోపలి గోడకు, తుప్పుతో అంటుకుని ఉండవచ్చు. బలవంతంగా తిప్పితే రింగులు విరిగి బోరు గీరుకుపోతుంది. ముందు నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కొక్క సిలిండరులో కొద్దిగా ఇంజిన్ ఆయిలు, డీజిలు కలిపి పోసి, కొన్ని రోజులు నాననివ్వండి. తరువాత గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ నట్టుకు పానా తగిలించి చేత్తో అటూ ఇటూ కదిలించండి. చేతికి లొంగి పూర్తి చుట్టు తిరిగితే, అప్పుడు పాత ఆయిలు దించి కొత్తది పోసి సెల్ఫ్ గురించి ఆలోచించవచ్చు. ఆయిలు 20డబ్ల్యూ-50 చాలు. ఈ కాలపు కార్లకు వాడే పలుచని ఖరీదైన ఆయిలు ఈ ఇంజిన్‌కు అవసరం లేదు. ఎయిర్ క్లీనరులో ఎలుక గూడు ఉన్నది కనుక కార్బొరేటరు గొంతులోకి ఊక దిగిందేమో టార్చి వేసి చూడండి. ఆ తరువాతి వరుస నా లెక్కలో ఇది: పెట్రోలు ట్యాంకు, బ్రేకులు, నీటి వ్యవస్థ, వైరింగు, అడుగు రేకు. రంగు ఆ తరువాతే.

డుకో ప్రేమికుడు, మిర్యాలగూడ:

గ్యారేజీ గారి మాటల్లో అధిక భాగంతో ఏకీభవిస్తాను కాని, అడుగు రేకును అంత వెనక్కు నెట్టడం నాకు నచ్చలేదు. పద్మినికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బండి బలాన్ని మోస్తుంది. డ్రైవరు కాళ్ల కింద చేతికి విరిగి వస్తున్న రేకు మీద కూర్చుని బ్రేకులు పరీక్షించడం ఎంతవరకు సబబు? చెడిన రేకును గట్టి రేకు తగిలేదాకా కోసివేసి, కొత్త ముక్క అతికించాలి. చాలా షాపులు తుప్పు మీదనే రేకు ముక్క పరిచి, చుట్టూ నాలుగు టాకాలు వేసి, పైన తారు పూసి ఇస్తాయి. లోపలి తుప్పు తన పని తాను చేసుకుంటూనే పోతుంది. పల్చని రేకుకు గ్యాసు వెల్డింగు కంటే సీఓటూ వెల్డింగు మేలు, వేడి తక్కువ పాకుతుంది కనుక రేకు మెలిక పడదు.

రంగు విషయానికి వస్తే, ఆనాటి బండికి ఎన్‌సీ రంగు, అంటే మనవాళ్లు డుకో అనేది, వేస్తేనే ఆ నిదానమైన మెరుపు వస్తుంది. ఈనాటి పీయూ రంగు అద్దంలా మెరుస్తుంది, మన్నిక కూడా ఎక్కువే, కాని పద్మిని మీద అది పెళ్లి మేకప్‌లాగా కనబడుతుందని నా అభిప్రాయం. ఎన్‌సీ వేయిస్తే వానాకాలంలో వేయించకండి. గాలిలో తేమ ఉంటే రంగు ఆరేటప్పుడు తెల్లగా పాలిపోతుంది. ఎలాగూ రంగు చివర అంటున్నారు కనుక, దానిని దసరా దాటిన తరువాతి పొడి రోజులకు పెట్టుకోండి.

పాలమూరు గ్యారేజీ:

అడుగు రేకు విషయంలో డుకో గారిదే న్యాయం. దానిని ముందుకు జరపండి. ట్యాంకు దించిన తరువాతనే వెల్డింగు చేయించండి, ఈ క్రమం మాత్రం తప్పనిసరి. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం.

జడ్చర్ల జిప్సీ:

నేను కార్బొరేటరు ఉన్న పాత జిప్సీని సొంతంగా చూసుకుంటూ నడుపుతున్నాను. మీరు ఎండాకాలం అన్నారు కనుక నాకు తెలిసిన ఒక్క విషయం చెబుతాను. 44వ నంబరు జాతీయ రహదారి మీద మే నెల మధ్యాహ్నం జడ్చర్ల నుంచి బయలుదేరిన బండి వేగంగా పోతున్నంతసేపు బాగానే ఉంటుంది. షాద్‌నగర్ దగ్గర టోల్ గేటు వరుసలో ఆగి ఆగి కదిలేటప్పుడు తుస్సుమని ఆగిపోతుంది. మళ్లీ ఎంత సెల్ఫ్ కొట్టినా పట్టదు. అరగంట చల్లారనిస్తే ఏమీ జరగనట్టే స్టార్టు అవుతుంది.

దీనిని వేపర్ లాక్ అంటారు. ఈ పాత బండ్లలో పెట్రోలు పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. అది వెనుక ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చుకుంటుంది. గాలి ఆడనప్పుడు ఇంజిన్ వేడికి పైపులోని పెట్రోలు ఆవిరి అవుతుంది, ఆవిరిని లాగడం ఆ పంపు వల్ల కాదు. అందుకే పాతకాలపు డ్రైవర్లు పంపు మీద తడి గుడ్డ చుట్టి, మీద మీద నీళ్లు చిలకరించేవారు. ఇప్పటికీ అదే అత్యవసర వైద్యం. సీటు కింద ఒక పాత తువ్వాలు, నీళ్ల సీసా ఉంచుకోండి. శాశ్వత పరిష్కారానికి పెట్రోలు పైపును సైలెన్సరు మానిఫోల్డుకు దూరంగా తిప్పించి, పంపుకూ బ్లాకుకూ మధ్య, కార్బొరేటరు కిందా వేడిని ఆపే మందపాటి బేకలైట్ దిమ్మలు పెట్టించాలి.

సూర్యాపేట అంబాసిడర్:

జడ్చర్ల మేడం చెప్పినది నిజమే కాని, వేడిలో ఆగిపోయిన ప్రతి బండికీ వేపర్ లాక్ అని పేరు పెట్టడం మన దగ్గర అలవాటైపోయింది. నా అంబాసిడర్‌తో పాటు మిత్రుల బండ్లు చూసిన అనుభవంలో దాదాపు సగం సందర్భాలలో దోషం ప్లగ్గులకు రవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిలుది లేదా దానికి తోడుగా ఉండే కండెన్సరుది. ఇవి కూడా చల్లగా ఉన్నప్పుడు పని చేసి, వేడెక్కగానే మొండికేసి, చల్లారగానే మళ్లీ మామూలవుతాయి. లక్షణం ఒకటే, రోగం వేరు.

తేడా తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. బండి ఆగిన వెంటనే, చల్లారక ముందే, ఒక ప్లగ్గు తీసి వైరు తగిలించి, ఇంజిన్ బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. నీలం రంగు రవ్వ చిటపటమని దూకితే కరెంటు వైపు బాగున్నట్టు. పసుపుగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా కాయిలు, కండెన్సరు, కాయిలుకు కరెంటును కలిపి తెంపే పాయింట్లు చూసుకోవాలి. రవ్వ బాగుంటే ఆ ప్లగ్గు తిరిగి బిగించి, కాయిలు వైరు ఊడదీసి, అప్పుడు కార్బొరేటరుకు వచ్చే పైపు తీసి చిన్న సీసాలో పెట్టి మళ్లీ తిప్పించండి. పెట్రోలు తెరలు తెరలుగా దూకాలి. బుడగలు, గాలి మాత్రమే వస్తే అప్పుడు అది వేపర్ లాక్. రెండు పరీక్షలు కలిపి ఒకేసారి చేయకండి, పెట్రోలు దగ్గర రవ్వ ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు.

దేవరకొండ కెమిస్ట్రీ:

అందరూ పెట్రోలు, కరెంటు గురించి మాట్లాడుతున్నారు, నీటి మాట ఒక్కరే ఎత్తి వదిలేశారు. మన జిల్లాలలో పాత ఇంజిన్లను ఎక్కువగా చంపేది బోరు నీళ్లేనని నేను గట్టిగా నమ్ముతాను. రేడియేటరులో నీళ్లు తగ్గాయంటే పక్కన ఉన్న చేతి పంపు దగ్గరకు పోయి డబ్బా నింపుకోవడం మనకు తరాల అలవాటు.

నల్లగొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. మనుషుల ఎముకలకు అది చేసిన హాని లోకానికంతటికీ తెలిసినదే. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి మన ఊరి పేరే పెట్టింది. కాని రేడియేటరులో గార కట్టేది ఫ్లోరైడ్ వల్ల కాదు. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు వేడి తగలగానే కార్బొనేట్లుగా మారి, బియ్యం కడిగిన నీళ్ల రంగులో పేరుకుంటాయి. టీ కాచే గిన్నె అడుగున కట్టే తెల్లని పొరే ఇంజిన్ లోపలి నీటి దారుల గోడలకు కూడా కడుతుంది. ఆ పొర వేడిని బయటకు పోనివ్వదు. రేడియేటరు నిండుగా ఉన్నా ఇంజిన్ ఉడికిపోతుంది.

పద్మిని ఇంజిన్‌లో బ్లాకు పోత ఇనుముది, హెడ్డు అల్యూమినియందీ. రెండు వేర్వేరు లోహాలు లవణాలు ఉన్న నీటిలో కలిసి ఉంటే అల్యూమినియం తినివేయబడుతుంది. అందుచేత గార వదిలించడానికి కొందరు మెకానిక్కులు పోసే బాత్రూం యాసిడ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ పోయనివ్వకండి, అది గారతో పాటు హెడ్డును కూడా కరిగిస్తుంది. కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పును గోరువెచ్చని నీటిలో పలుచగా కలిపి, కొంతసేపు ఇంజిన్ నడిపి, దించి, మంచి నీళ్లతో పదే పదే కడగడం సురక్షితం. రేడియేటరును మాత్రం విడిగా దించి, పై ట్యాంకు టాంకా విప్పించి, గొట్టాలలో సన్నని రేకు పట్టీ తోసి శుభ్రం చేయించండి. ఇత్తడి, రాగి రేడియేటరు కనుక అది సాధ్యమే.

తరువాత పోసేది డిస్టిల్డ్ వాటరు, దానిలో మూడోవంతు నుంచి సగం దాకా కూలెంటు. మన దగ్గర నీళ్లు గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంటు ఎందుకని అడుగుతారు. అందులోని తుప్పు నిరోధకాల కోసం. దానిని పిల్లలకూ కుక్కలకూ అందకుండా ఉంచండి. తియ్యగా ఉంటుంది, విషం.

నకిరేకల్ పద్మిని:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు ఉన్నాయి. ఒకటి, మా మెకానిక్ ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు పోనివ్వని థర్మోస్టాటును తీసివేస్తే ఎండాకాలం బాధే ఉండదని చెబుతున్నాడు. రెండవది, ఈ ఎథనాల్ కలిపిన పెట్రోలు గురించి రకరకాలుగా వింటున్నాను. 1984 నాటి బండి దానిని తట్టుకుంటుందా?

పాలమూరు గ్యారేజీ:

థర్మోస్టాటు తీయడం మన ప్రాంతంలో ఒక ఆచారంగా మారింది. రేడియేటరులో గార ఉన్న బండికి అది తాత్కాలికంగా ఉపశమనం ఇస్తుంది, అందుకే నమ్మకం బలపడింది. శుభ్రమైన రేడియేటరు, మంచి బెల్టు, పని చేసే వాటర్ పంపు ఉంటే తీయవలసిన అవసరం లేదు. తీసివేస్తే శీతాకాలం పొద్దున ఇంజిన్ చాలాసేపు వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిలులో తేమ చేరి మడ్డి కడుతుంది. దాని బదులు రేడియేటరు మూతను చూడండి. 7 పీఎస్ఐ ఒత్తిడి నిలిపే మూత ఉంటే నీరు సుమారు 111 డిగ్రీల దాకా మరగదు. స్ప్రింగు చచ్చిన మూత ఉంటే 100 డిగ్రీలకే పొంగిపోతుంది. మీ బండికి ఎంత ఒత్తిడి మూత రావాలో పాత మూత మీదనే ముద్రించి ఉంటుంది.

ఇక పెట్రోలు. మన దేశంలో 2025 నాటికి పెట్రోలులో ఎథనాల్ 20 శాతానికి చేరింది. మీ బండిని తయారు చేసిన నాటికి ఆ ఊహే లేదు. ఇంజిన్ పగిలిపోతుందన్న భయం అనవసరం కాని, మూడు చోట్ల శ్రద్ధ తప్పదు. మొదటిది రబ్బరు. పాత రకం పెట్రోలు పైపులు, పంపులోని డయాఫ్రం మెత్తబడి ఉబ్బుతాయి, పగులుతాయి. ఎస్ఏఈ 30ఆర్9 అని ముద్ర ఉన్న పైపు అడిగి కొనండి, ధర ఎక్కువైనా బేరమాడకండి, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో తెలిసినదే. రెండవది తేమ. ఎథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుచేత నెలల తరబడి నిలిపే బండిలో పెట్రోలు ఉంచకండి. అదీగాక అది ట్యాంకు గోడలకు పట్టిన పాత జిగురును కరిగించి తెచ్చి కార్బొరేటరు జెట్లలో, అంటే పెట్రోలు దూరే సన్నని రంధ్రాలలో, పోస్తుంది. ట్యాంకు ముందు దించమని నేను చెప్పడానికి ఇది ఇంకొక కారణం. మూడవది మిశ్రమం. ఎథనాల్‌లో శక్తి తక్కువ, ప్రాణవాయువు ఎక్కువ, కాబట్టి పాత జెట్టుతో ఇంజిన్ పలుచని మిశ్రమంతో నడిచి వేడెక్కుతుంది. నడిపి చూసి, ప్లగ్గు కొన తెల్లగా కనబడితే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచండి. మైలేజీ కొంత తగ్గుతుంది, దానికి మందు లేదు.

సూర్యాపేట అంబాసిడర్:

స్పేర్లు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్న తరువాత వస్తుంది కనుక ఇప్పుడే చెబుతున్నాను. పద్మిని సామానుకు పెద్ద ఆధారం ముంబయి ట్యాక్సీలు. 2023 అక్టోబరులో అవి పూర్తిగా తప్పుకున్న తరువాత కొత్తగా తయారయ్యే సామాను బాగా తగ్గింది. హైదరాబాద్‌లో రాణీగంజ్, మనకు దగ్గరలో విజయవాడ ఆటోనగర్ తిరగండి. పాత సామాను తీసుకుపోయి పక్కన పెట్టి పోల్చి కొనండి, ఫొటో చూపిస్తే ఏదో ఒకటి అంటగడతారు. బ్రేకు వీల్ సిలిండర్ల రబ్బర్లు పాత నిల్వవి కొనకండి, పెట్టెలో ఉన్నా అవి గట్టిపడతాయి. సిలిండరు బోరు తుప్పు పట్టి ఉంటే లేతు పట్టించి స్టీలు స్లీవు వేయించుకోవచ్చు. టైర్ల మీద కోలగా ఉన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. అవి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

డుకో ప్రేమికుడు, మిర్యాలగూడ:

ఒక విన్నపం. వేడి అన్న నెపంతో కరెంటు ఫ్యాను, కరెంటు పెట్రోలు పంపు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, అన్నీ పెట్టుకుంటూ పోతే చివరకు పద్మిని తొడుగు వేసుకున్న వేరే బండి మిగులుతుంది.

జడ్చర్ల జిప్సీ:

డుకో గారూ, మీ అభిమానాన్ని గౌరవిస్తాను. కాని ఆయన బండిని అద్దాల గదిలో పెట్టడం లేదు, మే నెలలో నడుపుతానంటున్నారు. బాడీకి రంధ్రం చేయకుండా, తిరిగి విప్పి అసలు రూపానికి తేగలిగిన మార్పు ఏదైనా తప్పు కాదని నా గీత. తొలగించిన అసలు సామానును ఒక పెట్టెలో దాచితే సరిపోతుంది.

వనపర్తి 800:

కాగితాల గురించి ఎవరూ చెప్పలేదు. ఢిల్లీలోలాగా ఇంత వయసు దాటితే పెట్రోలు బండి నడపకూడదన్న నిబంధన తెలంగాణలో లేదు. కాని సొంత కారు రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లకు, తరువాత ఫిట్‌నెస్ చూసి ఐదేసి ఏళ్లకు పొడిగిస్తారు. మీది ఎప్పుడో ముగిసి ఉంటుంది. పైగా ఆర్‌సీ మీ నాయిన గారి పేరు మీద ఉన్నది. యజమాని మరణానంతరం వారసుల పేరు మీదకు మార్చడానికి ఫారం 31, పొడిగింపునకు ఫారం 25. మార్పునకు గడువు మూడు నెలలే కనుక ఆలస్య రుసుము తప్పకపోవచ్చు. పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు అయింది, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. హరిత పన్ను అదనం. నల్లగొండ ఆర్‌టీఏ కార్యాలయానికి వెళ్లే ముందు ఛాసిస్ నంబరు పలక మీది తుప్పు వదిలించి అంకెలు చదవగలిగేలా చేయండి. గీకకండి, కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. అంకెలు చెరిగితే అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

కొందరు వింటేజ్ కింద రిజిస్టరు చేయించుకోమంటారు. 2021 నిబంధనల ప్రకారం దానికి మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటాలి. మీ బండికి 2034 దాకా ఆ అర్హత రాదు. వచ్చినా, ఆ నంబరు పలకతో రోజువారీ తిరగడానికి వీల్లేదు కనుక మీ కోరికకు అది పనికిరాదు.

నకిరేకల్ పద్మిని:

ఇంజిన్ చేతికి లొంగింది. ఆయిలు పోసి నానబెట్టిన తరువాత పానాతో మొదట కొద్దిగా, తరువాత పూర్తి చుట్టు తిరిగింది. ట్యాంకు దించాను. లోపల పెట్రోలు మిగలలేదు కాని, అడుగున వార్నిషు వంటి పొర, మీద తుప్పు పొడి ఉన్నాయి. కడిగించడమా, కొత్తది చేయించడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. టింకరింగ్ షాపు వారికి రంగు పని ఇప్పుడు కాదని చెప్పాను, అడుగు రేకు మాత్రం వారికే ఇస్తున్నాను.

పాలమూరు గ్యారేజీ:

ట్యాంకులో దీపం బల్బు దించకుండా, బయటి నుంచి టార్చి వేసి, చీకట్లో మరొక వైపు చూడండి. సూది బెజ్జమంత వెలుగు కనబడినా కొత్తది చేయించడమే మంచిది. వెలుగు కనబడకపోతే, లోపల గుప్పెడు చిన్న నట్లు, వేడి నీళ్లు, సర్ఫు వేసి మూతలు బిగించి బాగా కుదపండి. నట్లను లెక్కపెట్టి వేసి, లెక్కపెట్టి తీయండి. కడిగిన తరువాత ఎండలో పూర్తిగా ఆరబెట్టి, ట్యాంకు తరువాత ఒక ఫిల్టరు, పంపు ముందు ఇంకొక ఫిల్టరు పెట్టండి. మొదటి కొన్ని వారాలు ఆ ఫిల్టర్లు నల్లబడుతూనే ఉంటాయి, మారుస్తూ పోవాలి. టాంకాలు వేసి అతికించడానికి ఎవరైనా సిద్ధపడితే, ట్యాంకు నిండా నీళ్లు పోసిన తరువాతనే మంట దగ్గరకు తీసుకురానివ్వండి.